నా ఎముకలూ కోడి ఎముకలూ

ప్రియమైన పిల్లలూ,

మొన్న పరుగు అయిపోయాక మీరంతా నా చుట్టూ చేరి అడిగినవాటికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఆయాసంగా ఉంది, పిక్కలు పట్టేశాయి, పైగా అందరూ ఒకేసారి అడిగారు. ఇంటికొచ్చి స్థిమితంగా కూర్చుని రాస్తున్నాను. "తాతయ్యా, పాలు కూడా తాగవటగా, మరి ఇంత దూరం ఎలా పరిగెడతావు?" అని ఒకరు అడిగారు. "నీ చొక్కా మీద కోడి బొమ్మ ఎందుకు?" అని ఇంకొకరు. "నువ్వు పరిగెడితే కోడికేం లాభం?" అని వెనకనుంచి ఒక చిన్న గొంతు. ఆ మూడో ప్రశ్న రెండు రోజులుగా నా బుర్రలోనే తిరుగుతోంది.

ముందు కోడి బొమ్మ సంగతి చెబుతాను.

నాకప్పుడు 59 ఏళ్లు. తెల్లవారుజామున పరిగెడుతుంటే రోడ్డు పక్కన ఒక లారీ ఆగి ఉంది. టైరు మారుస్తున్నారు. వెనకంతా ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనప బోనులు. నీళ్లు తాగుదామని దాని పక్కనే ఆగాను. కింది వరసలో ఒక కోడి, సరిగ్గా నా మోకాలి ఎత్తులో ఉంది. మెడ మీద ఈకలు ఊడిపోయి చర్మం ఎర్రగా కనిపిస్తోంది. గోళ్లు పెరిగి పెరిగి తీగ చుట్టూ మెలి తిరిగాయి. లేవాలని చూసింది, కాలు మోపలేక కూలబడింది. తల పక్కకు తిప్పి ఒక కంటితో నన్నే చూసింది. సీసా మూతలో కాసిని నీళ్లు పోసి తీగల సందులోంచి పెట్టాను. ముక్కు ముంచడం, తల పైకెత్తి మింగడం. అలా మూడుసార్లు తాగింది. నాలుగోసారి ముక్కు ముంచేలోపే లారీ కదిలింది.

గుడ్లు పెట్టడం తగ్గిపోయిన కోళ్లను కోతకు తీసుకెళుతున్న లారీ అది. ఆ కోడి ఎందుకు నిలబడలేకపోయిందో తెలుసుకోవాలని ఆ తరవాత చాలా చదివాను. మన కోళ్ల పూర్వీకులైన అడవి కోళ్లు ఏడాదికి 10, 15 గుడ్లు పెడతాయి, అవీ పొదిగి పిల్లల్ని చేసుకోవడానికి. మనుషులు ఏరి ఏరి పెంచిన ఇప్పటి గుడ్ల కోడి ఏడాదికి 300 దాకా పెడుతుంది. గుడ్డు పెంకు దాదాపు అంతా కాల్షియంతో తయారైందే. దాణాలో వచ్చేది సరిపోనప్పుడు కోడి ఒళ్లు ఆ కాల్షియాన్ని సొంత ఎముకల్లోంచే లాగుతుంది. అలా లాగి లాగి ఎముకలు గుల్లబారిపోతాయి. బోనులోంచి బయటికి లాగేటప్పుడే విరిగిపోయేవి ఎన్నో. దానికితోడు కదలడానికి చోటుండదు. ఇప్పటికీ చాలాచోట్ల ఒక్కో కోడికి దక్కేది మీరు బొమ్మలు వేసుకునే ఏ4 కాగితమంత కూడా కాదు. యూరోపియన్ యూనియన్ ఇలాంటి ఇరుకు బోనుల్ని 2012 నుంచి నిషేధించింది.

ఎముక గట్టిగా ఉండాలంటే దాని మీద బరువు పడాలి, పిల్లలూ. పాదం నేలను తాకిన ప్రతిసారీ ఎముక ఇంకాస్త గట్టిపడాలని ఒంటికి కబురు వెళుతుంది. వయసు మీద పడితే మనుషుల ఎముకలు కూడా పలచబడతాయి. నాకిప్పుడు 71. నా కాళ్లు నన్నింకా మోస్తున్నాయంటే ఇన్నేళ్లూ నేను కదలగలిగాను కాబట్టే. ఆ కోడిని ఎవరూ కదలనివ్వలేదు. నా చొక్కా మీద ఉన్నది అదే.

ఆ రోజుతో గుడ్లు మానేశాను. మాంసం అప్పటికే తినడం లేదు. గుడ్ల కోసం పెంచేచోట మగ కోడిపిల్లలు పనికిరావని, చాలా దేశాల్లో వాటిని పుట్టిన రోజే చంపేస్తారని తెలిశాక మళ్లీ ముట్టాలనిపించలేదు. పాలు మానడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. అది కష్టమైంది, నిజమే చెబుతున్నాను. ఆవు పాలివ్వాలంటే ఈనాలి. ఆ పాలు దూడవి. పుట్టింది మగదూడ అయితే పాడి నడిపేవాళ్లకు అది బరువు. ఇది నాకు చిన్నప్పటినుంచీ తెలుసు, కానీ తెలిసినదాన్ని ఒప్పుకోవడానికి టైం పట్టింది. ఇలా జంతువుల నుంచి వచ్చేదేదీ వాడకుండా బతికేవాళ్లను వీగన్ అంటారు. ఇంగ్లండ్‌లో 1944లో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు పెట్టిన పేరది.

ఇక బలం సంగతి. పప్పులు, చిక్కుళ్లు, సోయా, గింజలు, ఆకుకూరలు, పళ్లు. వీటిల్లో పరుగుకు కావలసినదంతా దాదాపుగా ఉంది. ఒక్కటి మాత్రం లేదు, అది బి12 విటమిన్. అది నాకు బాగా బుద్ధి చెప్పింది. పాలు మానేసిన కొన్నేళ్లకు అరికాళ్లలో సూదులు గుచ్చినట్టు ఉండేది. బూట్లు మార్చాను, సాక్సులు మార్చాను. చివరికి డాక్టరు రక్తం పరీక్ష చేయిస్తే బి12 బాగా పడిపోయి ఉంది. ఆ విటమిన్‌ను తయారుచేసేది సూక్ష్మజీవులు. మొక్కల్లోంచి నమ్మకంగా దొరకదు. కాలేయంలో ఏళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు, వయసుతోపాటు ఒంట పట్టడమూ తగ్గుతుంది. అప్పటినుంచీ మాత్ర తప్పకుండా వేసుకుంటున్నాను. అందుకే మీకు గట్టిగా చెబుతున్నాను: అమ్మానాన్నలతో, డాక్టరుతో మాట్లాడకుండా తిండిలో ఏదీ మానేయకండి. మీది ఎదిగే వయసు.

పరుగంటారా, మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు, అదంతా నేను ఆపకుండా పరిగెత్తను. ఇరవై నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. వయసు పెరిగేకొద్దీ దాహం సరిగ్గా తెలియదు, అందుకని గడియారం చూసి నీళ్లు తాగుతాను. ఒక పెద్ద పరుగు తరవాత ఒళ్లు కోలుకోవడానికి మూడు వారాలు పడుతుంది. కుర్రాళ్లకు అంత పట్టదు.

నాకంటే ఎంతో గొప్పవాళ్లు ఉన్నారు. జానెట్ మర్రీ-వేక్లిన్, ఆవిడ భర్త ఆలన్ మర్రీ ఇద్దరూ అరవై దాటాక, 2013లో రోజుకో మారథాన్ చొప్పున ఆస్ట్రేలియా ఖండం చుట్టూ పరిగెత్తారు. అంతకుముందు ఆవిడకు రొమ్ము క్యాన్సర్ కూడా వచ్చింది. వాళ్లిద్దరూ వీగన్లే, వండని పళ్లూ కూరగాయలే ఆహారం. ఇంగ్లండ్‌లో ఫియోనా ఓక్స్ అనే ఆవిడకు టీనేజిలోనే జబ్బు వల్ల ఒక మోకాలి చిప్ప తీసేశారు. ఆవిడ 2013లో ఉత్తర ధ్రువం దగ్గర జరిగిన మారథాన్‌లో ఆడవాళ్లలో మొదట వచ్చింది. ఇంటి దగ్గర వందల జంతువులకు ఆశ్రయం నడుపుతూ, వాటి పనులన్నీ చూసుకుంటూ ప్రాక్టీసు చేసింది. నాకు ఆవిడ పరుగు కంటే ఆ పనే గొప్పగా అనిపిస్తుంది.

మూడో ప్రశ్నకు వస్తున్నాను. నేను పరిగెత్తినందుకు లారీలోని కోడికి ఏమీ ఒరగలేదు. అది ఆ రోజే పోయి ఉంటుంది. జంతువులు బాధపడుతున్నాయని నా పరుగు రుజువు చేయదు కూడా. "మాంసం, గుడ్లు, పాలు లేకపోతే మనిషి నీరసించిపోతాడు" అన్న మాట ఒకటుంది చూశారూ, దాన్నొక్కటే కాస్త కదిలిస్తుంది. నా వేగం తక్కువ కాబట్టి ఎవరో ఒకరు పక్కన చేరతారు, బొమ్మ చూసి అడుగుతారు, ఒక కిలోమీటరు మాట్లాడుకుంటాం. నేను వాదించను. ఆ కోడి మూడుసార్లు నీళ్లు తాగిందని చెబుతాను, అంతే. కొందరు నా కిలోమీటరుకు ఇంత అని డబ్బిస్తారు. అది బోనుల్లోంచి తప్పించి తెచ్చిన కోళ్లను చూసుకునే ఒక ఆశ్రయానికి వెళుతుంది.

పోయినేడాది అక్కడికి కొత్తగా పన్నెండు కోళ్లు వచ్చిన రోజు నేనున్నాను. తలుపు తీసినా గంటసేపు ఏదీ బయటికి రాలేదు. తరవాత ఒకటి గడప దాటి, మట్టి మీద పెట్టిన కాలు మళ్లీ వెనక్కి తీసుకుంది. మళ్లీ పెట్టింది. గోటితో ఒకసారి గీరింది. అంతలోనే ఎవరో నేర్పినట్టు పక్కకు ఒరిగి, రెక్కలతో దుమ్మంతా ఒంటి మీదికి ఎగజల్లుకుంటూ పొర్లడం మొదలుపెట్టింది. పుట్టి ఏడాదిన్నర అయినా అంతకుముందు మట్టి ముట్టుకోని కోడి అది. మిగతా పదకొండూ గడప దగ్గర నిలబడి దాన్నే చూస్తున్నాయి.

ప్రేమతో,
మీ తాతయ్య