లూయీ పేరులో పలకని ఆ చివరి స్

శాస్త్రవేత్త పాశ్చర్‌ను లూయీ అని చెప్పాలా, లూయిస్ అని చెప్పాలా అని ఒక టీచరు గారు అడిగారు. ఫ్రెంచ్‌లో లూయీయే. చివర స్ రాస్తారు, పలకరు. మరి పలకని అక్షరం అక్కడ ఎందుకుంది? పిల్లలకు చెప్పాల్సిన కథ అదే అని నాకనిపిస్తుంది.

481లో ఫ్రాంకులకు, అంటే ఫ్రాన్స్‌కు పేరిచ్చిన జర్మానిక్ జాతికి, రాజైన క్లోవిస్‌ది కూడా ఇదే పేరు. వాళ్ల భాషలో హ్లోదోవిగ్ లాంటిది. హ్లోద్ అంటే కీర్తి, విగ్ అంటే యుద్ధం. పోరులో పేరు పొందినవాడన్నమాట. ఈ హ్లోద్, మన 'విశ్రుతుడు' (పేరు మోసినవాడు)లోని శ్రుత ఒకే ధాతువు నుంచి వచ్చాయి. ఈ భాషలన్నిటికీ మూలమైన ఆదిమ భాషలోని క, ఇంగ్లీషు, జర్మన్ లాంటివి ఉన్న జర్మానిక్ శాఖలో హ అయింది, సంస్కృతంలో శ అయింది.

ఇక అరుగుదల. మొదట పోయింది గొంతులో గరగరలాడే ఆ హ. తర్వాత రెండు అచ్చుల మధ్య ఇరుక్కున్న ద. మన 'వచ్చినాడు'లో న జారిపోయి 'వచ్చాడు' అయినట్టే. అయితే ఇక్కడ ఆ ద జారిపోతుండగా కాగితం మీద దొరికిపోయింది! 842 ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బర్గ్‌లో ఫ్రాంకుల రాజులు జర్మన్ లూయీ, అతని సవతి తమ్ముడు చార్లెస్ ప్రమాణాలు చేసుకున్నారు. ఫ్రెంచ్ భాషకు దొరికిన తొలి పాఠం అదే. అందులో ఈ పేరు 'లోధువిగ్స్'. డి పక్కన హెచ్ చేర్చి రాశారు. ఇంగ్లీషువాళ్లు 'దిస్', 'దట్' అనేటప్పుడు నాలుక పళ్లకు తగిలీ తగలనట్టు పలికే ద అది. ఆ తర్వాత అదీ పోయింది, స్ ముందున్న గ్ కూడా పోయింది. మిగిలింది లోఓయిస్, చివరికి లూయీ.

ఆ స్ లాటిన్ ప్రథమా విభక్తి '-ఉస్'లో మిగిలిన ముక్క. షార్ల్, జాక్, జార్జ్ పేర్ల చివర ఫ్రెంచ్‌వాళ్లు రాసి పలకనిదీ అదే.

పేరులో అక్షరం మారిస్తే తలరాత మారుతుందని డబ్బులు పోసేవాళ్లకు ఒక మాట. ఫ్రాన్స్‌ను 14వ లూయీ 72 ఏళ్లు ఏలాడు. 1793లో 16వ లూయీ తల గిలటిన్ కింద తెగింది. ఇద్దరి పేరులోనూ అవే అక్షరాలు.

778లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ తన కొడుక్కి ఈ పేరు పెట్టింది క్లోవిస్ వంశపు గౌరవం తన ఇంటికి తెచ్చుకోవడానికే. మొదటి లూయీ ఆ కొడుకే. ఫ్రాన్స్ రాజుల్లో లూయీల లెక్క అక్కడ మొదలై 18 దాకా వెళ్లింది. అదే పేరున్న క్లోవిస్ మాత్రం అందులో లేడు.