.315 కొడితే చాలా? మైనర్ లీగ్ కుర్రాళ్ల మీద అపోహలు – వాస్తవాలు

అమెరికా బేస్‌బాల్‌లో పైన మేజర్ లీగ్, దాని కింద కుర్రాళ్లు ఎదిగే మైనర్ లీగ్‌లు: కింది నుంచి రూకీ, సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ. ఏప్రిల్ ముగిసేసరికి ఏటా అవే రెండు ప్రశ్నలు వస్తాయి. "డబుల్-ఏలో .315 కొడుతున్నాడు కదండీ, ఇంకా పైకెందుకు పిలవట్లేదు?" అని ఒకరు. "ఇరవై ఏళ్ల కుర్రాడు, పోయినేడు అంత పేరొచ్చింది, ఇప్పుడేమో .210 దగ్గర ఈడుస్తున్నాడు, ఇక అయిపోయినట్టేనా?" అని ఇంకొకరు. ఫ్రిస్కోలో రఫ్‌రైడర్స్ ఆటకో, న్యూజెర్సీలో సోమర్సెట్ పేట్రియట్స్ ఆటకో, నార్త్ కరోలినాలో డర్హమ్ బుల్స్ ఆటకో పిల్లల్ని తీసుకెళ్లే తెలుగు కుటుంబాలు తక్కువేం కాదు. వాళ్ల అభిమానమూ నిజమే, ఆందోళనా నిజమే. తప్పల్లా వాళ్లు చూస్తున్న అంకెలోనే ఉంది. ఆ అంకె యావరేజ్: బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరితే హిట్, .315 అంటే వెయ్యి యాట్-బ్యాట్‌లకు 315 హిట్లు.

అపోహ: యావరేజ్ బాగుంటే పైకొస్తాడు, బాగోలేకపోతే పోయినట్టే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. దీన్ని నమ్మే జనం కుర్రాళ్లను నెత్తిన పెట్టుకుంటారు, నెల తిరక్కుండానే దించేస్తారు. జట్లు కూడా ఒకప్పుడు ఇదే నమ్మి చేతులు కాల్చుకున్నాయి.

మైనర్ లీగ్ హిట్టర్ అంకెల్ని చదవడానికి ఒక వరస ఉంది. ముందు వయసు, తర్వాత లెవెల్, ఆ తర్వాత పార్కు, అవి అయ్యాక స్ట్రైక్‌అవుట్ (మూడు స్ట్రైక్‌లకు అవుటవడం), వాక్ (నాలుగు చెడ్డ బంతులు వదిలేసి ఊరికే మొదటి బేస్‌కి చేరడం) శాతాలు, తర్వాత పవర్. యావరేజ్ అన్నిటికంటే చివర. జనం సరిగ్గా దీన్ని తిరగేసి చదువుతారు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇద్దరూ ఊహించుకున్న ఆటగాళ్లే, కానీ ఇలాంటి జంటలు ప్రతి సీజన్‌లోనూ ఉంటాయి. ఇద్దరూ టెక్సస్ లీగ్‌లో, అంటే డబుల్-ఏలో ఆడుతున్నారు. ఇద్దరికీ సరిగ్గా 400 ప్లేట్ అప్పియరెన్సులు, అంటే బ్యాట్ పట్టుకుని దిగిన సార్లు. లెక్క తేలికగా ఉండటానికి హిట్-బై-పిచ్, శాక్రిఫైస్‌లు పక్కనపెడదాం. అప్పుడు వాక్‌లు తీసేస్తే మిగిలేవే యాట్-బ్యాట్‌లు.

మొదటివాడికి 25 ఏళ్లు, సొంత మైదానం అమరిల్లో. 28 వాక్‌లు, 116 స్ట్రైక్‌అవుట్లు, 20 హోమ్ రన్లు (ప్రహరీ దాటించిన బంతులు), మొత్తం 117 హిట్లు. 372 యాట్-బ్యాట్‌లకు యావరేజ్ .315.

రెండోవాడికి 20 ఏళ్లు, సొంత మైదానం సముద్రం పక్కన కార్పస్ క్రిస్టీ. 44 వాక్‌లు, 68 స్ట్రైక్‌అవుట్లు, 9 హోమ్ రన్లు, 85 హిట్లు. 356 యాట్-బ్యాట్‌లకు .239.

స్టాండ్స్‌లో కూర్చున్న వాళ్లంతా మొదటివాడికే చప్పట్లు కొడతారు. ఇప్పుడు స్ట్రైక్‌అవుట్లనూ హోమ్ రన్లనూ తీసేసి, మైదానంలో పడ్డ బంతులు మాత్రమే లెక్కపెట్టండి. మొదటివాడివి 236 బంతులు, అందులో 97 హిట్లు, అంటే బాబిప్ (మైదానంలో పడ్డ బంతుల్లో హిట్ల వంతు) .411. రెండోవాడివి 279 బంతులు, 76 హిట్లు, .272. లైన్ డ్రైవ్‌లు (తక్కువ ఎత్తులో దూసుకెళ్లే బంతులు) బాగా కొట్టి, వేగంగా పరిగెత్తేవాడు .340 వరకు నిలబెట్టుకోగలడు. .411 ఎవరి చేతిలోనూ నిలవదు. ఇద్దరికీ సమానంగా .310 ఇచ్చి చూస్తే మొదటివాడికి 93 హిట్లు, యావరేజ్ .250. రెండోవాడికి 95 హిట్లు, .267. వరస తిరగబడింది.

ఇంకా వయసు జోలికి పోలేదు. డబుల్-ఏలో ఆటగాళ్ల సగటు వయసు 23, 24 మధ్య ఉంటుంది. ఇరవై ఏళ్లవాడు అక్కడ నాలుగేళ్లు కాలేజీ బాల్ ఆడి వచ్చిన పిచర్లను ఎదుర్కొంటున్నాడు, అయినా వంద సార్లకు 17 సార్లే స్ట్రైక్‌అవుట్ అయి 11 సార్లు వాక్ తెచ్చుకుంటున్నాడు. పాతికేళ్లవాడు తనకంటే చిన్నవాళ్ల చేతిలో 29 శాతం అవుట్ అవుతున్నాడు. పై లెవెల్‌కి వెళ్తే ఆ 29 పెరిగేదే గాని తగ్గేది కాదు. వయసు లెక్కకట్టేటప్పుడు జూన్ 30 నాటి వయసునే ఆ సీజన్ వయసుగా తీసుకోవడం మామూలు. ఆగస్టులో పుట్టినవాడికీ మార్చిలో పుట్టినవాడికీ పోలిక పెట్టేటప్పుడు అది గుర్తుంచుకోండి.

ఇక పార్కు. అమరిల్లో సముద్రమట్టానికి సుమారు 3,600 అడుగుల ఎత్తున ఉంది. గాలి పలచన కాబట్టి బంతి దూరం వెళ్తుంది, కర్వ్‌బాల్ తక్కువ వంగుతుంది, రెండు రకాలుగానూ హిట్టర్‌కే లాభం. ట్రిపుల్-ఏలో పసిఫిక్ కోస్ట్ లీగ్ ఇంకా విపరీతం. ఆల్బుకర్కీ దాదాపు 5,000 అడుగులు, రీనో, సాల్ట్ లేక్ 4,000 దాటి ఉంటాయి. అందుకే ఇంటి ఆటలు వేరుగా, బయటి ఆటలు వేరుగా పెట్టి చూడాలి. పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో 25 హోమ్ రన్లు కొట్టినవాడినీ ట్రిపుల్-ఏలోనే రెండోదైన ఇంటర్నేషనల్ లీగ్‌లో 18 కొట్టినవాడినీ పక్కపక్కన పెట్టి మొదటివాడే మెరుగని చెప్పేవాళ్ల మాట వినకండి.

పార్కే కాదు, బంతీ మారుతుంది. 2019లో ట్రిపుల్-ఏకి మేజర్ లీగ్ బంతి తెచ్చారు, ఆ ఏడాది హోమ్ రన్లు ఒక్కసారిగా పెరిగిపోయాయి. 2023 మొదటి సగంలో మరో డబుల్-ఏ లీగ్ అయిన సదరన్ లీగ్‌లో ప్రయోగంగా ముందే జిగురు పట్టించిన బంతి వాడారు, పిచర్ల స్ట్రైక్‌అవుట్లు పెరిగాయి. రెండో సగంలో మళ్లీ మామూలు బంతికి వచ్చారు. ఆ సీజన్ అంకెల్ని సగానికి విడగొట్టకుండా చదివితే ఆ లీగ్ పిచర్ల విషయంలోనూ తప్పే, హిట్టర్ల విషయంలోనూ తప్పే.

పేర్లు కావాలంటే బ్రాండన్ వుడ్‌ని చూడండి. 2005లో మైనర్స్‌లో 43 హోమ్ రన్లు కొట్టాడు, హిట్టర్ల స్వర్గమని పేరున్న కాలిఫోర్నియా లీగ్‌లో ఆడుతూ. స్ట్రైక్‌అవుట్లు అప్పటికే కనిపిస్తున్నాయి, ఎవరూ ఆగి చూడలేదు. మేజర్ లీగ్‌లో అతని కెరీర్ యావరేజ్ .186. ఇటు ఆరన్ జడ్జ్ 2015లో ట్రిపుల్-ఏ స్క్రాంటన్‌లో .224 కొట్టాడు. 2016లో పైకి పిలిస్తే 84 యాట్-బ్యాట్‌లలో 42 స్ట్రైక్‌అవుట్లు, యావరేజ్ .179. మరుసటి ఏడాది 52 హోమ్ రన్లు.

ఏప్రిల్ గుబులు ఉన్నవాళ్ల కోసం ఇంకొక్క లెక్క. మొదటి నెలలో కుర్రాడికి దొరికేది 80 ప్లేట్ అప్పియరెన్సులు, అంటే సుమారు 70 యాట్-బ్యాట్‌లు. 15 హిట్లయితే .214, 19 అయితే .271. తేడా నెలకు నాలుగు హిట్లు, వారానికి ఒకటి. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలిచే ఫీల్డర్) గ్లవ్ అంచుకు తగిలిన ఒక్క గ్రౌండర్ (నేల మీద దొర్లే బంతి). దాన్ని చూసి నిద్ర మానుకోకండి. స్ట్రైక్‌అవుట్ శాతం మాత్రం 60 ప్లేట్ అప్పియరెన్సులకే కొంత నమ్మదగ్గదవుతుంది, వాక్ శాతం 120 దగ్గర. యావరేజ్‌కి పూర్తి సీజన్ కూడా చాలదు. నిజంగా భయపడాల్సింది హై-ఏ నుంచి డబుల్-ఏకి వచ్చాక స్ట్రైక్‌అవుట్ శాతం పది పాయింట్లు ఎగిరి, రెండు నెలలైనా దిగనప్పుడు. అక్కడి పిచర్ 2-0, 3-1 కౌంట్లలో (ముందు అంకె చెడ్డ బంతులు, రెండోది స్ట్రైక్‌లు) కూడా పక్కకు జారే స్లైడర్‌తో స్ట్రైక్ వేయగలడు. కింది లెవెళ్లలో ఆ కౌంట్లో ఫాస్ట్‌బాలే వస్తుందని ధీమాగా ఊపేవాడి గుట్టు ఇక్కడే బయటపడుతుంది.

అపోహ: పిచర్‌కి ఈఆర్‌ఏ చూస్తే చాలు.

ఇదీ ఆ తానులో ముక్కే. ఈఆర్‌ఏ అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ తన లెక్కలో ఇచ్చిన పరుగులు, తక్కువైతే మంచిది. కుర్ర పిచర్‌కి జట్టు ఒక పని అప్పజెబుతుంది: ప్రతి స్టార్ట్‌లో ఇరవై ఛేంజప్‌లు (ఫాస్ట్‌బాల్‌లా వదిలే నెమ్మది బంతులు) వేయాలి, దెబ్బలు తిన్నా సరే. బయటివాళ్లకు ఈఆర్‌ఏ 5.40 కనిపిస్తుంది, లోపలివాళ్లు ఆ ఇరవైలో ఎన్ని స్ట్రైక్ జోన్ కింది అంచులో పడ్డాయో లెక్కపెట్టుకుంటారు. మీకు అందుబాటులో ఉన్న కొలత స్ట్రైక్‌అవుట్ శాతంలోంచి వాక్ శాతం తీసేయడం. మేజర్ లీగ్ సగటు ఇటీవల 14 దగ్గర ఉంది. మైనర్స్‌లో 20 దాటితే గట్టివాడు, 10 దాటకపోతే ఈఆర్‌ఏ 2.50 ఉన్నా అనుమానించాలి. ఇంకో సంగతి, 2021 నుంచి మైనర్స్‌లో మంగళవారం మొదలై ఆదివారం ముగిసే ఆరు ఆటల సిరీస్‌లు, సోమవారం సెలవు. స్టార్టర్ (ఆట మొదలుపెట్టే పిచర్) వారానికోసారే బంతి పట్టుకుంటున్నాడు. పైన, మేజర్ లీగ్‌లో, మధ్యలో నాలుగైదు రోజుల విశ్రాంతితోనే మళ్లీ దిగాలి. ఆ భారాన్ని మోయగలడో లేదో కింద చూసిన అంకెలు చెప్పవు.

అపోహ: చేతిలో వేగం ఉంటే మిగతాది నేర్పొచ్చు.

మనవాళ్లకు ఇది బాగా తెలిసిన కథ. 2008లో భారత్‌లో జరిగిన పోటీలో గంటకు 87 మైళ్ల వేగంతో గెలిచిన రింకూ సింగ్‌నూ, తోటి పోటీదారు దినేశ్ పటేల్‌నూ పిట్స్‌బర్గ్ పైరేట్స్ తీసుకుంది. ఇద్దరూ జావెలిన్ విసిరినవాళ్లు, చేతిలో బలానికి కొదవలేదు. 2009లో రూకీ లీగ్‌లో ఆడారు. రింకూ సింగిల్-ఏ దాకా వెళ్లాడు, తర్వాత మోచేతి గాయాలు. బంతి పట్టుకోవడమే కొత్తగా మొదలుపెట్టి అక్కడిదాకా వెళ్లడం చిన్న విషయం కాదు, వాళ్లను తక్కువ చేసి మాట్లాడేవాళ్లకు ఆట తెలియదు. ఇప్పుడు మేజర్ లీగ్ ఫాస్ట్‌బాల్ సగటు 94 మైళ్ల దగ్గర ఉంది. 97 వేసేవాళ్లు కూడా డబుల్-ఏలో ఆగిపోతున్నారు. బంతి కిందికి జారకుండా ఎంత నిలుస్తోంది, ఏ ఎత్తు నుంచి వదులుతున్నాడు, ఫాస్ట్‌బాల్‌కీ స్లైడర్‌కీ చేయి ఒకేలా వస్తోందా అనేవి రాడార్ గన్‌లో పడవు.

అపోహ: స్కౌట్ 50 వేశాడంటే మామూలువాడన్నమాట.

స్కౌట్లు (ఆటగాళ్లను చూసి జట్లకు రిపోర్టు రాసేవాళ్లు) మార్కులేసే 20-80 స్కేలులో 50 అంటే మేజర్ లీగ్ సగటు, మైనర్ లీగ్‌ది కాదు. మొత్తమ్మీద 50 వచ్చినవాడు మేజర్ లీగ్‌లో రోజూ ఆడగలవాడు. 45 బెంచ్ మీద పనికొచ్చేవాడు, అదీ మేజర్ లీగ్ బెంచ్. 40/55 అని రాసి ఉంటే ఈరోజు 40, పండితే 55 అని. ఆ రెండింటి మధ్య ఎంత దూరం ఉంటే అంత అపాయం.

అపోహ: లైనప్‌లో లేడు, ట్రేడ్ చేసేస్తున్నారట.

అట, అట, అట. ట్రేడ్ల (ఆటగాళ్లను వేరే జట్టుకు ఇచ్చేయడం) గడువు దగ్గరపడే జూలై వస్తే చాలు. కుర్రాళ్లకు విశ్రాంతి రోజులు ముందే రాసిపెట్టి ఉంటాయి. క్యాచర్ అయితే ఆరు ఆటల సిరీస్‌లో మూడు నాలుగే గేర్ కడతాడు. పుకారు రాసేవాడికి పోయేదేమీ లేదు, ఊళ్లో ఉన్న ఆ కుర్రాడి తల్లికి మాత్రం ఆ రాత్రంతా ఫోన్లు.

అపోహ: బాగా ఆడితే పిలుస్తారు, పిలవలేదంటే కక్ష.

జట్టు నలభై మంది రోస్టర్‌లో, అంటే మేజర్ లీగ్ జాబితాలో, ఖాళీ ఉండాలి. అందులో చేరాక కిందికి పంపిన కొద్దీ మూడు ఆప్షన్ సంవత్సరాలు కరుగుతాయి. 18 లేక అంతకంటే తక్కువ వయసులో సంతకం చేసినవాడిని ఐదు సీజన్ల తర్వాత, 19 లేక అంతకంటే ఎక్కువ వయసులో చేసినవాడిని నాలుగు సీజన్ల తర్వాత, నవంబర్‌లో ఆ రోస్టర్‌లో చేర్చకపోతే రూల్ 5 డ్రాఫ్ట్‌లో వేరే జట్టు ఎత్తుకుపోవచ్చు. తర్వాత మేటి ఆటగాళ్లయిన రొబెర్టో క్లెమెంటే 1954లో, యోహాన్ సంటానా 1999లో చేతులు మారింది ఇలాగే. కాబట్టి మీవాడు ఏ ఏడాది ఆ గడువుకు వస్తాడో చూసుకోండి. చాలా పిలుపులకూ, చాలా పిలవకపోవడాలకూ కారణం అక్కడే దొరుకుతుంది.

అపోహ: కిందికి పంపితే కథ ముగిసినట్టే.

పిచర్ రాయ్ హాలడే 2000లో మేజర్ లీగ్‌లో 10.64 ఈఆర్‌ఏ ఇచ్చాడు. 2001లో డనీడిన్‌కి, అంటే ఏ-బాల్‌కి దింపారు. చేయి వచ్చే కోణం మార్చుకుని, కిందికి దిగే సింకర్ బంతి పట్టుకుని అదే ఏడాది తిరిగి పైకొచ్చాడు. 2003లో ఒకటి, 2010లో ఒకటి, ఏటి మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డులు. జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ రౌండ్ విషయమూ అంతే: మేటి హిట్టర్లయిన ఆల్బర్ట్ పూహోల్స్ 13వ రౌండ్, మైక్ పియాజ్జా 62వ రౌండ్.

పిల్లలు బేస్‌బాల్ ఆడుతున్న అమ్మానాన్నలకు ఒక మాట. మేజర్ లీగ్ స్కౌట్‌కి జీతం ఇచ్చేది జట్టు. మీ అబ్బాయిని చూడటానికి, రిపోర్టు రాయడానికి అతను మీ దగ్గర రూపాయి తీసుకోడు. డబ్బు అడిగి "జట్ల దృష్టిలో పెడతాం" అనేవాళ్లు వ్యాపారస్తులు, వాళ్లకు సరుకు మీ ఆశ. ఎవరైనా చూపించిన బ్యాట్ స్పీడ్ అంకె టీ (బంతి నిలబెట్టే కొయ్య) మీద పెట్టిన బంతిదా, పిచర్ వేసిన బంతిదా అని ముందు అడగండి.

మైదానానికి వెళ్లినప్పుడు ఫోన్లో స్టాప్‌వాచ్ తీయండి. కుడిచేతి హిట్టర్‌ను చూడాలంటే మొదటి బేస్ వైపు కూర్చోండి, ఛాతీ, చేతులు మీకు ఎదురుగా ఉంటాయి. బ్యాట్ బంతిని తాకిన క్షణం నుంచి పాదం మొదటి బేస్ తొక్కేదాకా 4.3 సెకన్లు పడితే సగటు, ఎడమచేతివాడికి 4.2. క్యాచర్‌కి బంతి మిట్‌లో పడ్డప్పటి నుంచి రెండో బేస్ దగ్గరి గ్లవ్‌లో పడేదాకా 2.0 సగటు, 1.9 చాలా మంచిది. పిచర్ మొదటి కదలిక నుంచి బంతి మిట్‌లో పడేదాకా 1.3 దాటి 1.5కి పోతుంటే బేస్ దొంగిలించినప్పుడు తప్పు క్యాచర్ మీద వేయకండి. బంట్ చేస్తూ (బంతిని మెల్లగా తడుతూ) ముందే పరుగు అందుకున్న సమయాలూ, సగంలో వేగం తగ్గించేసిన సమయాలూ కొట్టేయండి. ఒక ఆటలో నికరంగా పనికొచ్చే పరుగు ఒక్కటే దొరకొచ్చు, అందుకే స్కౌట్లు ఒకే ఊళ్లో వరసగా నాలుగైదు రోజులు కూర్చుంటారు.