స్కూబా డైవింగ్ చరిత్ర: అది ఆక్సిజన్ సిలిండర్ కాదు, కనిపెట్టింది ఒక్కరూ కాదు

అపోహ: నీటిలో ఊపిరి తీసుకోవడానికి స్కూబా డైవర్లు వీపున మోసేది ఆక్సిజన్ సిలిండర్.

ఎక్కడైనా పడవ మునిగితే మర్నాడు వార్తల్లో 'ఆక్సిజన్ సిలిండర్లతో గాలింపు' అని కనిపిస్తుంది. నా దగ్గర డైవింగ్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్లూ మొదటిరోజు ఇదే మాట అంటారు. అక్కడే ఆపి సరిదిద్దుతాను. ఈ మాట నమ్మి ఎవరైనా స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో లోతుకు దిగితే ప్రాణం పోతుంది.

వాస్తవం: అందులో ఉండేది మనం రోజూ పీల్చే గాలే. వడకట్టి, తేమ తీసేసి, మామూలు పీడనానికి దాదాపు 200 రెట్లు కుదించి నింపుతాం. అందులో ఆక్సిజన్ 21 శాతం, మిగిలినది దాదాపు అంతా నైట్రోజన్. నీటిలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్ 6 మీటర్ల లోతు దాటితే విషంగా మారగలదు. నీటిలో మూర్ఛ వస్తే సిలిండర్‌లోని గాలిని అందించే సాధనం, అంటే నోట్లోని రెగ్యులేటర్, జారిపోతుంది, ఆ తర్వాత చేయగలిగింది చాలా తక్కువ. అధిక పీడనంలో ఆక్సిజన్ మూర్ఛ తెప్పిస్తుందని ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ 1878లోనే రాశారు.

అయితే ఈ అపోహకు ఒక మూలం ఉంది. అదే 1878లో ఇంగ్లండ్‌లో హెన్రీ ఫ్లూస్ నిజంగానే ఆక్సిజన్‌తో పనిచేసే పరికరం తయారుచేశారు. వదిలిన ఊపిరిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను రసాయనంతో తొలగించి, ఆ వాయువునే మళ్లీ పీల్చుకునే పద్ధతి అది. 1880లో సెవర్న్ నది కింద తవ్వుతున్న రైలు సొరంగం నీట మునిగినప్పుడు, దూరాన ఉన్న ఇనుప తలుపు మూయడానికి అలెగ్జాండర్ లాంబర్ట్ అనే డైవర్ దిగారు. పైనుంచి గాలి పంపే గొట్టం శిథిలాలకు చిక్కుకోవడంతో వెనుదిరిగారు. తర్వాత ఫ్లూస్ పరికరం తగిలించుకొని, గొట్టం లేకుండా, చిమ్మచీకట్లో దాదాపు 300 మీటర్లు వెళ్లి ఆ తలుపు మూసి వచ్చారు. స్కూబా చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

అపోహ: స్కూబా పరికరాన్ని ఫ్రెంచి నౌకాదళ అధికారి జాక్ కూస్తో ఒక్కరే కనిపెట్టారు.

వాస్తవం: పీల్చినప్పుడే, చుట్టూ ఉన్న నీటి పీడనానికి సరిపడా గాలిని అందించడం రెగ్యులేటర్ పని. ఆ పని చేసే యంత్రం కూస్తో పుట్టకముందే ఉంది. 1860లో గనుల ఇంజనీర్ బెనువా రూకెరోల్ దానికి పేటెంట్ తీసుకున్నారు. గనుల్లో చిక్కుకున్నవారిని రక్షించడం ఆయన ఉద్దేశం. నౌకాదళ అధికారి ఒగుస్ట్ దెనెరూజ్ ఆయనతో కలిశాక, 1864 నాటికి అది నీటిలోకి దిగింది. గాలి నింపే అప్పటి ఇనుప సిలిండర్లు ఎక్కువ పీడనాన్ని తట్టుకోలేవు కాబట్టి గాలి కొద్ది నిమిషాలకే సరిపోయేది. అందుకే చాలాసార్లు పైనుంచి గొట్టం తప్పలేదు. లోపం ఆలోచనలో లేదు, ఆనాటి లోహంలో ఉంది.

ఎనభై ఏళ్ల తర్వాత, జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్‌లో పెట్రోలు దొరకక కార్లను గ్యాస్‌తో నడుపుతున్నారు. ఎమీల్ గాన్యాన్ అనే ఇంజనీర్ ఆ కార్ల కోసం చిన్న రెగ్యులేటర్ రూపొందించారు. కూస్తో ఆయన్ను కలిసి, దాన్ని నీటిలో వాడుకునేలా మార్చమన్నారు. 1943లో పారిస్ దగ్గరి మార్న్ నదిలో పరీక్షిస్తే, నిలువుగా ఉన్నప్పుడు గాలి ఊరికే బుడగలై పోయింది, తలకిందులైతే పీల్చడమే కష్టమైంది. ఊపిరి బయటికి పోయే చోటు, గాలి లోపలికి వచ్చే చోటు వేర్వేరు ఎత్తుల్లో ఉండి పీడనంలో తేడా రావడమే కారణమని గ్రహించి, రెండింటినీ ఒకేచోటికి చేర్చారు. నేటికీ వాడుతున్న రెగ్యులేటర్లకు మూలమైన ఆక్వాలంగ్ అనే పరికరం అలా సిద్ధమైంది. కూస్తో పేరు తలచిన ప్రతిసారీ గాన్యాన్ పేరు కూడా తలచాలని నా పట్టుదల.

అపోహ: మూడు వేల ఏళ్ల క్రితమే, నేటి ఇరాక్ ప్రాంతాన్ని ఏలిన అస్సీరియన్లు స్కూబా చేశారు.

వాస్తవం: బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న, నిమ్రూద్ రాజప్రాసాదానికి చెందిన క్రీస్తుపూర్వం 9వ శతాబ్దపు శిల్పఫలకాన్ని ఇందుకు రుజువుగా చూపిస్తుంటారు. అందులో మనుషులు తోలుతిత్తులు నోట పట్టుకుని ఈదుతున్నారు. కానీ వాళ్లు మునగడం లేదు. వెనుకనుంచి బాణాలు పడుతుంటే, తిత్తులు ఊదుకుంటూ, వాటి ఆసరాతో నది దాటుతున్నారు. డైవర్‌కు ఇది చూడగానే తెలిసిపోతుంది: 20 లీటర్ల గాలి ఉన్న తిత్తిని నీటిలో ముంచాలంటే దాదాపు 20 కిలోల బరువు కట్టాలి.

అపోహ: స్కూబా అన్నది ఒక మనిషి పేరు.

వాస్తవం: సొంత గాలిని వెంట తీసుకెళ్లే జలాంతర శ్వాస పరికరం అనే అర్థమిచ్చే ఐదు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు అవి. ఆ పేరు పెట్టిన ఘనత అమెరికన్ వైద్యుడు క్రిస్టియన్ లాంబర్ట్‌సెన్‌కు ఇస్తారు. ఆయన తయారుచేసిన పరికరం మాత్రం ఆక్సిజన్‌తో నడిచేది.

అపోహ: ప్రమాదమంతా లోతులోనే ఉంది.

వాస్తవం: పైకి వచ్చేటప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఈ సంగతి తెలియడానికి డైవర్లతో పాటు వంతెన కూలీలూ మూల్యం చెల్లించారు. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన పునాదుల కోసం, నది అడుగున సంపీడన గాలి నింపిన పెద్ద పెట్టెల్లో కూలీలు తవ్వేవారు. పైకి వచ్చాక కీళ్లనొప్పులు, పక్షవాతం, కొందరికి మరణం. చీఫ్ ఇంజనీర్ వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా 1872లో మంచం పట్టారు. పీడనంలో రక్తంలోనూ కణజాలంలోనూ కరిగిన నైట్రోజన్, పీడనం చటుక్కున తగ్గితే బుడగలవుతుందని వివరించినదీ పాల్ బెర్ గారే.

పైకి ఎలా రావాలో లెక్క కట్టినవారు స్కాట్లాండ్‌కు చెందిన శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్. ఆయన బృందం మేకలను పీడన గదిలో ఉంచి పరీక్షించింది. నొప్పి మొదలైన మేక ముందుకాలు పైకెత్తి నిలబడేది. 1908లో వెలువడిన ఆయన లెక్కల పట్టికల ప్రకారం మెట్లు మెట్లుగా ఆగుతూ పైకి రావాలి. నేడు మేము చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్లలో చాలావాటి లెక్కకు మూలం అదే. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు తాడు పట్టుకుని ఆగమంటే కొత్తవాళ్లు పైన కనిపించే వెలుగు వైపే చూస్తుంటారు. పడవ ఎక్కాక వాళ్లకు ఆ మేకల సంగతి చెబుతాను.