గండికోటలో టెంట్, చుట్టూ ఉప్పు గీత: అపోహలు - వాస్తవాలు

గండికోటలో క్యాంపింగ్‌కు వచ్చేవాళ్ళకు టెంట్లు వేయించే పని నాది. ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా ఉప్పు ప్యాకెట్టో ఫినాయిల్ సీసానో తెస్తారు, చుట్టూ పోస్తే పాములు రావని. ఉప్పు గీతను పాము హాయిగా దాటేస్తుంది, ఫినాయిల్‌కు తలనొప్పి వచ్చేది మీకే. జిప్ పూర్తిగా వేసుకోండి, బూట్లు లోపల పెట్టుకోండి, మిగిలిన అన్నం బయట పారబోయకండి, ఎలుకలొస్తాయి, వాటికోసం పామొస్తుంది. ఈ మాత్రం చేస్తే టెన్షన్ పడి రాత్రంతా కూర్చోనక్కర్లేదు, పడుకోండి.

అసలు కొంప ముంచేది వేరే ఉంది. కాటు పైన బిగించి కట్టాలనేది. కట్టకండి! కోయకండి, నోటితో పీల్చకండి. ఇలాంటి రాళ్ళ సందుల్లో ఉండే చిన్న పింజర మహా అయితే మూరన్నర ఉంటుంది, కానీ దాని విషానికి రక్తం గడ్డకట్టడం మానేస్తుంది, కాటు పడ్డచోట కండ దెబ్బతింటుంది. దానికితోడు మీరు బిగించి రక్తం ఆడకుండా చేస్తే వేలో చెయ్యో పోవచ్చు. ఎవరైనా ఇప్పటికే కట్టేసి ఉంటే మాత్రం దారిలో విప్పకండి, ఆస్పత్రిలో డాక్టర్ చూసుకుంటారు.

ఒకసారి పొయ్యికి రాళ్ళు ఏరుతూ ఒకబ్బాయి రాయి కింద చెయ్యి పెట్టాడు. నేను పరిగెత్తి వెళ్ళేసరికి స్నేహితుడు షూ లేసు ఊడదీస్తున్నాడు. ఆపి, వాపు రాకముందే ఉంగరం తీయించి, చేతికి కర్ర ఆనించి వదులుగా తువ్వాలు చుట్టి, ఒక్క అడుగు నడవనివ్వకుండా బండెక్కించాం. ఈలోగా వాళ్ళ మామయ్య ఫోన్లో ఒకటే గొడవ, పామును చంపి తీసుకెళ్ళకపోతే మందివ్వరని. ఏం అక్కర్లేదండీ. డాక్టర్ కాస్త రక్తం తీసి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచారు, గడ్డకట్టలేదు, యాంటీవెనమ్ మొదలుపెట్టేశారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, నాలుగింటికీ ఇక్కడ ఇచ్చేది అదొక్కటే. పాము వెనక పడే టైములో 108కి ఫోన్ చేయండి.

మిగతావి గబగబా చెప్పేస్తా. పొగ పెడితే తేనెటీగలు పోతాయా? పోవు, మీ మీదికొస్తాయి, పట్టున్న బండ కింద పొయ్యి వెలిగించొద్దు. వేసవిలో కొండ మీద రాత్రి చల్లగా ఉంటుందా? పగలంతా కాగిన బండ పొద్దుగూకాక కూడా సెగ కక్కుతూనే ఉంటుంది, ఏప్రిల్, మే నెలల్లో పిల్లల్ని తీసుకురాకండి. చీకట్లో ఫోన్ లైటు సరిపోతుందా? సరిపోదు, టార్చ్ తెచ్చుకోండి. పెన్నా లోయ అంచుకైతే అది కూడా చాలదు, అన్నిచోట్లా రెయిలింగ్ లేదు, తెల్లారాకే వెళ్ళండి.