ముందు అనుమానించాలి, తర్వాతే చెప్పాలి: గాలి, నీళ్ల కాపలాపై అపోహలు - వాస్తవాలు

గాలి, నీటి నాణ్యతను కనిపెట్టే సాఫ్ట్‌వేర్ ఏజెంట్లతో, అంటే సెన్సర్ల అంకెల్ని తమంతట తామే పరీక్షించి చెప్పే ప్రోగ్రాములతో, శ్రీకాకుళం జిల్లాలో పనిచేస్తున్నాను. ఏ ఊరెళ్లినా ఈ మాటలే మళ్లీ మళ్లీ వినబడతాయి.

అపోహ: ఏజెంటంటే సెన్సరు అంకెల్ని ఫోన్లో చూపించే యాప్.

వాస్తవం: చూపించడం చివరి పని. మొదటి పని అనుమానించడం. ధనుర్మాసం మంచులో చవకరకం దుమ్ము సెన్సర్లు ఉన్నదానికంటే ఎక్కువ చెబుతాయి. లేజరు కాంతి ఎంత చెదిరిందో చూసి లెక్కగడతాయవి. తేమకు ఉబ్బిన రేణువు వాటికి పెద్ద దుమ్ములా కనిపిస్తుంది. అందుకని ఏజెంటు ముందు తేమ చూసుకుంటుంది. ఆపైన పక్క కొలత స్టేషన్ల ఏజెంట్లను అడుగుతుంది. ఒక్కచోటే పెరిగిందా, దగ్గర్లో ఎవరో చెత్త తగలబెట్టి ఉండొచ్చు, పరికరమే పాడై ఉండొచ్చు. తేమ నిన్నటంతే ఉండి, భోగి నాడు తెల్లారుజామున ఊరంతా ఒకేసారి పెరిగితే అది నిజం పొగే. అంకె మరీ పెద్దదని కొట్టిపారేసే ఏజెంటు ఆ పొగను మననుంచి దాచేస్తుంది. ఈ ఏజెంట్లను రాసేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

అపోహ: ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) అంటే అన్ని కాలుష్యాల సగటు.

వాస్తవం: కాదు. ఒక్కోదానికి విడిగా సూచీ కట్టి, అన్నిటికంటే పెద్దదాన్ని తీసుకుంటారు. మన దేశంలో కనీసం 3 కాలుష్యాల కొలతలుండాలి, వాటిలో పీఎం 2.5 గానీ పీఎం 10 గానీ (రెండూ గాల్లోని సన్నటి దుమ్ము రేణువుల కొలతలే) తప్పనిసరి. దుమ్ము ఒక్కటే కొలిచే డబ్బా చెప్పేది ఏక్యూఐ కాదు.

అపోహ: ఉద్దానం బావుల్లో సెన్సర్లు దించితే కిడ్నీ జబ్బుకు కారణం దొరికిపోతుంది.

వాస్తవం: ఇది అడిగేవాళ్ల ఇళ్లలో డయాలసిస్ చేయించుకునేవాళ్లుంటారు. వాళ్లకు లేనిపోని ఆశ పెట్టలేను. కారణమేదో పరిశోధకులే ఇంకా తేల్చలేదు. మేం దించే సెన్సర్లు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం), ఉష్ణోగ్రత లాంటివి చెబుతాయి. సీసం, కాడ్మియం, పురుగుమందుల అవశేషాలు తెలియాలంటే నీళ్లు సీసాలో పట్టి ల్యాబుకు పంపాల్సిందే. అయితే ఏ బావి నీళ్లు ఏ రోజు మారాయో ఏజెంటు పట్టుకోగలదు, ఇవాళ ఈ బావి నీళ్లు పంపండి అని చెప్పగలదు. నెలకోసారి అలవాటుగా పట్టిన సీసా కంటే ఆ రోజు పట్టిన సీసా మనకు ఎక్కువ చెబుతుంది.

అపోహ: తుపానొచ్చి నెట్ పోతే ఇక లెక్కలు లేనట్టే.

వాస్తవం: 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి తుపాన్లు మళ్లీ వస్తాయి గనక ఏజెంటు స్టేషన్లోనే ఉండాలి, బ్యాటరీ మీద లెక్క రాసుకుని సిగ్నల్ వచ్చాక పంపాలి. మధ్యలో ఖాళీలుంటే పక్క స్టేషన్లను బట్టి పూరించవచ్చు. కానీ ఆ అంకె పక్కన ‘అంచనా’ అని ఉండాలి. అలా లేని రికార్డు మీద నేను సంతకం పెట్టను.