బాండ్ స్ట్రీట్ పక్కన పాత హోటల్: ఏది ఎంత పాతది?

లండన్‌లో బాండ్ స్ట్రీట్‌కి నడిచివెళ్లేంత దూరంలో, చరిత్ర ఉన్న హోటల్ ఒకటి చూసిపెట్టమని అడిగేవాళ్లు ఈ మధ్య పెరిగారు. పాతికేళ్ల పెళ్లిరోజుకి వెళ్లే జంటలు, కొడుకు కాన్వొకేషన్‌కి వెళ్లి నాలుగు రోజులు అక్కడే ఉందామనుకునే తల్లిదండ్రులు. వెతకడం మొదలుపెడితే మూడు పేర్లు మళ్లీ మళ్లీ తగులుతాయి: బ్రౌన్స్, క్లారిడ్జెస్, రిట్జ్. మొదటిది 1837 నుంచి ఉన్నానంటుంది. రెండోది తన కథను 1812 దాకా వెనక్కి తీసుకెళ్తుంది. మూడోది 1906 నాటిది. మూడింట్లోనూ గది అద్దె రాత్రికి దాదాపు లక్ష రూపాయలు, ఇంకా పైన ఎంతైనా ఉండొచ్చు.

అంత డబ్బు పోసేటప్పుడు, బోర్డు మీది ఆ ఏడాది దేనికి సంబంధించిందో అడగడం తప్పు కాదు. పేరు పుట్టిన ఏడాదా? గోడలు లేచిన ఏడాదా? లోపల మనం చూసి మురిసిపోయే అలంకరణ నాటిదా? ఈ మూడూ ఒకటే అయిన పాత హోటల్ లండన్‌లో అరుదు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ వీధి ఎలా పుట్టిందో చూడాలి.

నిజానికి బాండ్ స్ట్రీట్ అనే పేరుతో అక్కడ వీధి లేదు. పికడిల్లీ వైపు ఉన్నది ఓల్డ్ బాండ్ స్ట్రీట్, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ వైపు సాగేది న్యూ బాండ్ స్ట్రీట్. ఇక్కడ 1660ల్లో క్లారెండన్ ప్రభువు పెద్ద భవంతి కట్టించుకున్నాడు. అది నిండా ఇరవై ఏళ్లు కూడా నిలవలేదు. 1683లో సర్ థామస్ బాండ్ ముందుండి నడిపిన ఒక బృందం దాన్ని కొని, పడగొట్టి, ఆ స్థలంలో వీధులు వేసింది. అంటే మనవాళ్ల భాషలో వెంచర్ వేశారు. బాండ్ స్ట్రీట్, డోవర్ స్ట్రీట్, ఆల్బమార్ల్ స్ట్రీట్, వాటిని అడ్డంగా కలిపే స్టాఫర్డ్ స్ట్రీట్ అన్నీ ఆ వెంచర్‌వే. న్యూ బాండ్ స్ట్రీట్ భాగం 1720ల నుంచి ఉత్తరంగా పెరుగుతూ పోయింది.

దానికి పడమర ఉన్న భూమిది ఇంకో కథ. అది కట్నం కథ. 1677లో మేరీ డేవిస్ అనే పన్నెండేళ్ల పిల్లను సర్ థామస్ గ్రోస్‌వెనర్‌కి ఇచ్చి పెళ్లి చేశారు. ఆ పిల్లతోపాటు వచ్చింది దాదాపు 500 ఎకరాల బురద నేల, పొలాలు. అందులో ఓ వంద ఎకరాలే ఇవాళ ఈ హోటళ్లుండే మేఫెయిర్ పేటలో గ్రోస్‌వెనర్ కుటుంబానికున్న భాగం. ఆ కుటుంబం భూమిని అమ్మలేదు, దశాబ్దాల లీజులకిచ్చింది. క్లారిడ్జెస్ హోటల్ బ్రూక్ స్ట్రీట్, డేవిస్ స్ట్రీట్ కలిసే మూల మీద ఉంటుంది. ఆ డేవిస్ ఈ మేరీ డేవిసే.

ఈ వీధుల్లో కాపురం పెట్టింది ఎవరంటే, ఏడాదిలో కొన్ని నెలలే ఊళ్లో ఉండే పెద్ద కుటుంబాలు. పార్లమెంటు నడిచే రోజుల్లో జమీందార్లు పల్లెల్లోని తమ ఎస్టేట్‌ల నుంచి లండన్ వచ్చేవారు. విందులు, నాట్యాలు, పెళ్లిచూపులు, దర్జీ పనులు అన్నీ ఆ నెలల్లోనే. దీన్నే ‘సీజన్’ అనేవారు. ఆగస్టులో వేట మొదలయ్యేసరికి మళ్లీ పల్లె బాట. దర్జీలు, టోపీలవాళ్లు, నగలవాళ్లు, సెంట్లు అమ్మేవాళ్లు ఈ జనం కోసమే బాండ్ స్ట్రీట్‌లో దుకాణాలు తెరిచారు. సొంత ఇల్లున్నవాళ్లు ఇంట్లో దిగేవారు. లేనివాళ్లు ఎక్కడ దిగాలి? అక్కడే హోటల్ పుట్టింది.

ఈ హోటళ్లు పెట్టింది పెట్టుబడిదారులు కాదు, పనివాళ్లు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే. దొరలకు ఏ వేళకు ఏం కావాలో, వేడినీళ్లు ఎప్పుడు పెట్టాలో, ఎవరు ఎవరి మొహం చూడరో తెలిసినవాళ్లు వాళ్ల దగ్గర కొలువు చేసినవాళ్లే. కవి లార్డ్ బైరన్ దగ్గర సొంత నౌకరుగా చేసిన జేమ్స్ బ్రౌన్, బైరన్ భార్య దగ్గర పనిచేసిన సారా విల్లిస్ పెళ్లి చేసుకుని, 1837లో డోవర్ స్ట్రీట్ 23వ నంబరు ఇంట్లో హోటల్ తెరిచారు. క్లారిడ్జెస్‌కి పేరిచ్చిన విలియం క్లారిడ్జ్ కూడా ఒకప్పుడు పెద్దింట్లో బట్లరే. 1812 నుంచి బ్రూక్ స్ట్రీట్‌లో మివార్ట్ అనే ఆయన హోటల్ నడుపుతుండేవాడు. పక్కనే చిన్న హోటల్ పెట్టిన క్లారిడ్జ్ దంపతులు 1854లో మివార్ట్ హోటల్‌నీ కొనేశారు. 1860లో ఫ్రాన్స్ మహారాణి యూజెనీ అక్కడ దిగితే, విక్టోరియా రాణి వచ్చి పలకరించి వెళ్లింది. ఆ తర్వాత ఇక ప్రచారం అక్కర్లేకపోయింది.

మన ఊళ్లలో హోటల్ అంటే టిఫిను, భోజనం. పడుకోవడానికైతే లాడ్జి. అప్పటి మేఫెయిర్ హోటళ్లు మన లెక్కలో అసలు హోటళ్లే కావు, ఖరీదైన లాడ్జిలు. భోజనం ఎవరి గదిలో వాళ్లకే వెళ్లేది. దారినపోయేవాళ్లు లోపలికొచ్చి టీ తాగే పద్ధతి లేదు. పరువున్న ఆడవాళ్లు నలుగురిలో కూర్చుని తినడమనేది పందొమ్మిదో శతాబ్దం చివర్లోగాని రాలేదు. దాన్ని తెచ్చినవాళ్లలో ముఖ్యుడు స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన సీజర్ రిట్జ్. 1889లో తెరిచిన సవాయ్ హోటల్‌లో మేనేజరుగా పేరు తెచ్చుకుని, 1898లో అదే హోటల్‌లో ఉద్యోగం పోగొట్టుకుని, చివరికి పికడిల్లీలో తన పేరు మీదే హోటల్ లేవడం చూశాడు.

ఇప్పుడు మళ్లీ మొదటి ప్రశ్న. ఏది ఎంత పాతది?

బ్రౌన్స్‌ది గోడల పాతదనం. అది హోటల్ కోసం కట్టిన భవనం కాదు. జార్జియన్ కాలపు (జార్జ్ రాజుల నాటి) ఇళ్లను ఒక్కొక్కటీ కొంటూ, మధ్య గోడలకు దారులు కొట్టి కలుపుకుంటూ పోయారు. 1889లో వెనక ఆల్బమార్ల్ స్ట్రీట్‌లో ఉన్న ఇంకో హోటల్‌ని కూడా కొని కలిపేశారు. అలా పదకొండు ఇళ్లు ఒకటయ్యాయి. అందుకే దానికి రెండు వీధుల్లో మొహాలు. ఒకే అంతస్తులో నడుస్తుంటే నేల ఎత్తు మారిపోతుంది, రెండు మెట్లెక్కి మళ్లీ దిగాల్సి వస్తుంది. ఒక గదిలా ఇంకో గది ఉండదు. ఇది కొందరికి ముచ్చట, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు తలనొప్పి. బాండ్ స్ట్రీట్‌కి మటుకు మూడింట్లో ఇదే దగ్గర. ఆల్బమార్ల్ వైపు బయటికొస్తే తర్వాతి వీధే.

బ్రౌన్స్ వాళ్లు గొప్పగా చెప్పుకునే ఫోన్ సంగతి కూడా ఒకసారి చూద్దాం. గ్రాహం బెల్ బ్రిటన్‌లో మొదటి టెలిఫోన్ కాల్ ఈ హోటల్ నుంచే చేశాడంటారు. ఏడాది 1876 అని చెబుతారు. కానీ బెల్ పెళ్లి చేసుకుని భార్యతో ఇంగ్లండ్ వచ్చింది 1877 ఆగస్టులో. కాల్ జరిగింది నిజమే అయినా, ఏడాది ఎక్కడో జారింది. పాత హోటళ్ల చరిత్ర చదివేటప్పుడు ఈమాత్రం అనుమానం దగ్గర పెట్టుకోవాలి.

క్లారిడ్జెస్‌ది పేరు పాతదనం. మివార్ట్ నాటి ఇళ్లు ఒక్కటీ లేవు. 1890ల్లో సవాయ్ యాజమాన్యం కొని, మొత్తం కూల్చి, 1898లో కొత్త భవనం తెరిచింది. లిఫ్టులు, గదికి బాత్రూమ్ వంటివి అప్పుడే వచ్చాయి. డిజైన్ చేసిన సి.డబ్ల్యూ. స్టీఫెన్స్ హారోడ్స్ దుకాణానికీ ఆర్కిటెక్టే. అంటే లండన్‌లో పేరున్న హోటల్‌నీ, పేరున్న దుకాణాన్నీ గీసింది ఒకే చెయ్యి. ఇక లోపల ఫొటోలు దిగే నలుపు తెలుపు గచ్చు, అద్దాలు, అప్పటి ఫ్యాషనైన ఆర్ట్ డెకో శైలి హంగు 1920ల చివర్లో చేరినవి. 1812 అని చదివి వెళ్లేవాళ్లకు కనిపించేది అసలు ఆ కాలమే కాదు.

రెండో ప్రపంచయుద్ధంలో దేశం వదిలొచ్చిన రాజులు ఇక్కడే తలదాచుకున్నారు. 1945 జులై 17న 212వ నంబరు సూట్‌లో యుగోస్లావియా యువరాజు అలెగ్జాండర్ పుట్టాడు. ఆ ఒక్కరోజుకి సూట్‌ని యుగోస్లావియా నేలగా చర్చిల్ ప్రకటించాడని, మంచం కింద ఆ దేశం మట్టి పెట్టారని చెబుతారు. కథ బాగుంది కానీ దానికి సర్కారీ కాగితం ఏదీ దొరకలేదు.

వీటిలో రిట్జ్ ఒక్కటే చెప్పిన ఏడాదికీ, గోడలకీ, లోపలి రూపానికీ పొత్తు కుదిరిన హోటల్. 1906లో హోటల్‌గానే కట్టారు. లండన్‌లో ఉక్కు చట్రం మీద లేచిన తొలి పెద్ద భవనాల్లో ఇదొకటి. లోపలంతా ఫ్రెంచి రాజుల కాలపు బంగారు పూత, ముందు పారిస్ వీధిని గుర్తుచేసే ఆర్చీల వరండా. చిక్కల్లా డ్రెస్సుతోనే. పామ్ కోర్టు అనే హాల్లో మధ్యాహ్నం టీకి మగవాళ్లు కోటు, టై వేసుకోవాలి. జీన్సు, స్పోర్ట్స్ బూట్లతో వెళ్తే కుదరదు. సెలవుల్లో కూడా టై కట్టుకోమంటే విసుక్కునే మనిషి వెంట ఉంటే ముందే ఆలోచించుకోవాలి.

ఈ వీధికీ మన హైదరాబాద్‌కీ ఒక ముడి ఉంది. న్యూ బాండ్ స్ట్రీట్ 175వ నంబరులో 1909 నుంచి కార్టియే నగల దుకాణం ఉంది. 1947 నవంబరులో ఎలిజబెత్ పెళ్లి. అప్పటికింకా ఆమె రాణి కాదు. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫలానా నగ అని పంపలేదు. రాకుమారికి ఏది నచ్చితే అది ఇవ్వమని ఆ దుకాణానికి కబురు పెట్టాడు. ఆమె వజ్రాల హారం, గులాబీల టియారా (కిరీటంలా తలకు పెట్టుకునే నగ) ఎంచుకుంది. 1973లో టియారాని విప్పేసి, ఆ వజ్రాలతో కెంపుల టియారా చేయించుకుంది. హారం మాత్రం హారంగానే ఉంది. 2014లో మనవడి భార్య కేట్ మెడలో కనిపించింది. ఇక్కడ షాపింగ్ చేసిన హైదరాబాదీల్లో ఇంతకన్నా ధారాళంగా బిల్లు వదిలేసినవాళ్లు ఉంటారనుకోను.

పాత హోటల్‌ని నిలబెట్టడానికి ఎంత దూరం వెళ్తారో చెప్పడానికి క్లారిడ్జెస్ నేలమాళిగ చాలు. చట్టం కాపాడే భవనం కాబట్టి పైకి ఇష్టం వచ్చినట్టు పెంచడానికి వీల్లేదు. అందుకని కిందికి వెళ్లారు. ఐదంతస్తులు. హోటల్ మూయలేదు. గనుల్లో పనిచేసిన కూలీలు చిన్న కంతలోంచి దిగి, పునాదిగా పోసిన కాంక్రీటు పలక కింద మట్టిని చేత్తో తవ్వి, బకెట్లలో పైకి పంపారు. తవ్వినచోటల్లా స్తంభం పోసుకుంటూ పోయారు. పైన లాబీలో టీ తాగుతున్నవాళ్లకి కింద ఏం జరుగుతోందో తెలియదు.

అంత ఖర్చు పెట్టగలిగేది ఎవరనేది కూడా ఈ కథలో భాగమే. క్లారిడ్జెస్ ఖతార్ రాజకుటుంబీకుల చేతిలో ఉంది. రిట్జ్‌ని 2020లో ఖతార్‌కే చెందిన కొనుగోలుదారు తీసుకున్నాడు. బ్రౌన్స్ నడిపే ఫోర్టే కుటుంబ సంస్థలో సౌదీ ప్రభుత్వ నిధి 2023లో 49 శాతం వాటా కొంది. పనివాళ్లు పెట్టిన హోటళ్లు ఇలా రాజుల దగ్గరికి చేరాయి.

హోటల్‌కీ షాపింగ్‌కీ ఉన్న పాత బంధాన్ని ఈ మధ్య దెబ్బతీసింది పన్ను. విదేశీయులు కొన్న వస్తువుల మీద కట్టిన 20 శాతం వ్యాట్‌ని ఎయిర్‌పోర్టులో వెనక్కి తీసుకునే పద్ధతి 2021 జనవరి 1తో పోయింది. 2022 సెప్టెంబరులో మళ్లీ తెస్తామన్నారు, ఆర్థికమంత్రి మారగానే అక్టోబరులో ఆ మాట రద్దయింది. పారిస్‌లో రీఫండ్ వస్తుంది, లండన్‌లో రాదు. పెద్ద వాచీయో, హ్యాండ్‌బ్యాగో కొనేవాళ్లకి ఆ తేడా హోటల్ అద్దె అంత ఉంటుంది. సరుకును దుకాణం వాళ్లే నేరుగా మన దేశానికి పంపితే వ్యాట్ మినహాయించే వీలుంది. అయితే ఇక్కడ దిగాక కస్టమ్స్ సుంకం ఉండనే ఉంది.

అదే 2022 అక్టోబరులో బాండ్ స్ట్రీట్‌లో ఎలిజబెత్ లైన్ అనే రైలు మార్గానికి స్టేషన్ తెరిచారు. హీత్రూ ఎయిర్‌పోర్టు నుంచి రైలు మారకుండా రావచ్చు. స్టేషన్ ద్వారాల్లో ఒకటి డేవిస్ స్ట్రీట్‌లోకే వస్తుంది, అక్కడి నుంచి క్లారిడ్జెస్ రెండు మూడు నిమిషాలు. అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు అడిగితే నేను దీన్నే చెబుతాను. గదులు విశాలం, లిఫ్టులు సరిగ్గా ఉంటాయి. ఇద్దరే వెళ్లేవాళ్లైతే బ్రౌన్స్. బుక్ చేసేటప్పుడు గది డోవర్ స్ట్రీట్ వైపా, ఆల్బమార్ల్ వైపా, దారిలో మెట్లున్నాయా అని ఫోన్ చేసి అడగండి. గది ఫొటో చూసి మాత్రం డబ్బు కట్టకండి. ఆ ఫొటోలోని గది పదకొండు ఇళ్లలో ఏదో ఒకదానిది, మీకు వచ్చేది ఇంకో ఇంటిది కావచ్చు.