ప్యాడు ఎండితే కరెంటు కరుస్తుంది

అనంతపురంలో ఏప్రిల్ మధ్యాహ్నం. మా అమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుని, మోకాలికి అటొకటి ఇటొకటి ప్యాడ్లు అంటించుకుని ఉంది. చేతిలో అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద మిషను. "ఏమ్రా, ఈ మిషను చెడిపోయినట్టుంది సూడు. ముందు మాదిరి జుమ్మంటా లేదు, ఎర్ర చీమలు కుట్టినట్టు కుడ్తాంది" అంది.

బ్యాటరీ చూశాను, మొన్ననే వేసింది. వైర్లు బాగానే ఉన్నాయి. ప్యాడు తీసి తిప్పి చూస్తే విషయం అర్థమైంది. జిగురుగా ఉండాల్సిన జెల్ అంచుల దగ్గర గాజుపెంకులా ఎండిపోయింది. దాని మీద రెండు వెంట్రుకలు, కాస్త దుమ్ము, ఎర్రటి శెనక్కాయ పొట్టు ఒకటి. పైగా మోకాలంతా నొప్పుల తైలం నిగనిగలాడుతోంది. మిషను తప్పేమీ లేదు.

మా వైపు దీన్ని 'కరెంటు పెట్టించుకోవడం' అంటారు. శెనక్కాయ చేలల్లో వంగి వంగి నడుము పడిపోయినవాళ్లు, ధర్మవరం మగ్గం గుంటల్లో కాళ్లు పెట్టుకుని ఏళ్ల తరబడి తొక్కినవాళ్లు ఫిజియోథెరపీ సెంటరులో పది రోజులు కరెంటు పెట్టించుకొచ్చామని చెప్పుకుంటారు. ఆ మాట కింద రెండు రకాలున్నాయి. సెంటర్లలో ఎక్కువగా పెట్టేది ఐఎఫ్‌టీ, అంటే రెండు కరెంట్లను ఒంట్లో కలిపే పెద్ద మిషను. ఇంటికి తెచ్చుకునే చిన్న మిషను టెన్స్. చర్మం కోయకుండా, సూది గుచ్చకుండా, పైనుంచే నరాన్ని కరెంటుతో తట్టే పద్ధతి ఇది.

తడితే నొప్పి ఎందుకు తగ్గాలి? పిల్లవాడి మోకాలు గడపకు కొట్టుకుంటే అమ్మ వెంటనే అక్కడ రుద్దుతుంది. రుద్దితే నిజంగానే కాస్త తగ్గుతుంది. కెనడాకు చెందిన రోనాల్డ్ మెల్జాక్, ఇంగ్లండుకు చెందిన పాట్రిక్ వాల్ 1965లో దీనికో వివరణ ఇచ్చారు. స్పర్శను మోసే లావుపాటి నరపు పోగుల్లో సంకేతం సెకనుకు 30 మీటర్లకు మించిన వేగంతో పరుగెడుతుంది. సలుపు నొప్పిని మోసే సన్నపు పోగుల్లో సెకనుకు ఒకటి రెండు మీటర్లే. ఈ రెండూ వెన్నుపాములో ఒక వాకిలి దగ్గర కలుస్తాయి. స్పర్శ సంకేతాలు గుంపుగా వచ్చిపడితే, నొప్పి సంకేతాలకు ఆ వాకిలి సగం మూసుకుంటుంది. రెండేళ్ల తర్వాత వాల్, విలియం స్వీట్ అనే డాక్టరుతో కలిసి, కరెంటుతో ఆ లావు పోగులను తట్టి చూశాడు. ముందు తమ మీదే ప్రయోగం చేసుకున్నారు. టెన్స్ పుట్టుక అక్కడిది. వాకిలి బొమ్మ మరీ సులువైనదని తర్వాత తేలింది. శరీరం తనంతట తాను తయారుచేసుకునే నొప్పి మందులు, ఎండార్ఫిన్ల లాంటివి, ఇందులో పాలుపంచుకుంటాయని కూడా తెలిసింది. అయినా మొదటి మెట్టు అదే.

కరెంటుతో నొప్పి తగ్గించాలన్న ఆలోచన మాత్రం ఎప్పటిదో. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో స్క్రిబోనియస్ లార్గస్ అనే రోమన్ వైద్యుడు కీళ్లవాతానికి ఒక చికిత్స రాశాడు. అలలు తడిపే సముద్రపు ఒడ్డున రోగిని నిలబెట్టి, కాలి కింద బతికున్న కరెంటు చేపను పెట్టి, మోకాలి దాకా తిమ్మిరెక్కే వరకు ఉంచమన్నాడు. నాకు ఇందులో నచ్చింది చేప కాదు, తడి ఒడ్డు. ఉప్పునీళ్లు లేకుండా చేప కరెంటు చర్మం లోపలికి సరిగ్గా దిగదని ఆయనకు అనుభవంతో తెలిసి ఉండాలి. ఇవాళ ప్యాడు మీద జెల్ చేసే పని ఆ ఉప్పునీళ్లదే.

వైరులో కరెంటు అంటే ఎలక్ట్రాన్ల నడక. ఒంట్లో ఎలక్ట్రాన్లు అలా విడిగా తిరగవు. అక్కడ కరెంటును మోసేవి సోడియం, పొటాషియం, క్లోరైడ్ అయాన్లు, అంటే నీళ్లలో కరిగిన ఉప్పు ముక్కలు. వైరు భాష ఒకటి, ఒంటి భాష ఒకటి. మధ్యలో దుబాసీ కావాలి. ఆ దుబాసీయే జెల్. సబ్జా గింజలు నానబెడితే చుట్టూ నీటిని పట్టుకుని ఎలా ఉబ్బుతాయో, ఈ హైడ్రోజెల్ కూడా అంతే. పొడవాటి పాలిమర్ గొలుసుల వలలో నీళ్లు, గ్లిసరిన్, కొంచెం ఉప్పు చిక్కుకుని ఉంటాయి. నీళ్లు పోతే అయాన్లు కదలడానికి దారి ఉండదు.

అవతల కాపలా కాసేది చర్మం. దాని పైపొర మృతకణాల పేర్పు. చాలా చోట్ల వెంట్రుక కన్నా పలచన. అయినా కరెంటుకు అడ్డుపడటంలో మొండిది. పొడి చర్మం నిరోధం లక్ష ఓములు దాటగలదు. తడిస్తే అది వేలల్లోకి పడిపోతుంది. దాని మీద నూనె పూస్తే మళ్లీ పెరుగుతుంది, ఎందుకంటే నూనె కరెంటును పోనివ్వదు. మా అమ్మ నొప్పికి తైలం రాసి, ఆ నొప్పికే ప్యాడు అంటించింది. ఒకదానికొకటి తోడవుతాయనుకుంది పాపం. ఘాటు బామ్ అయితే ఇంకా కష్టం, ప్యాడు కింద చిక్కుకుని చర్మాన్ని మండిస్తుంది.

చాలా మిషన్లు మనం పెట్టిన కరెంటును తగ్గనివ్వకుండా చూసుకుంటాయి. దారిలో అడ్డు వెయ్యి ఓములుంటే 20 మిల్లీఆంపియర్లు తోయడానికి 20 వోల్టులు చాలు. అడ్డు నాలుగు వేల ఓములైతే అదే కరెంటు కోసం మిషను 80 వోల్టులకు ఎగబాకుతుంది. అంటే ప్యాడు ఎండిన కొద్దీ మిషను మొండికేస్తుంది. కరెంటు ఎంత అన్నదే కాదు, ఎంత జాగాలో దిగుతోంది అన్నదీ చూడాలి. 5 సెంటీమీటర్ల చదరపు ప్యాడు మొత్తం అతుక్కుంటే 25 చదరపు సెంటీమీటర్ల జాగా. 20 మిల్లీఆంపియర్లు అందులో పరుచుకుంటే చదరపు సెంటీమీటరుకు 0.8. అదే ప్యాడు ఎండి, అంచులు లేచి, 5 చదరపు సెంటీమీటర్లే తగులుతుంటే? చదరపు సెంటీమీటరుకు 4. ఐదు రెట్లు. ఆ ఇరుకు చోట ఒక్కో చదరపు సెంటీమీటరు కింద పుట్టే వేడి దీనికి వర్గంలో, అంటే ఇరవై అయిదు రెట్లు పెరుగుతుంది.

అంత మాత్రాన కాలిపోతుందని కంగారు పడనక్కర్లేదు. టెన్స్ కరెంటు ఆగి ఆగి వస్తుంది. ఒక్కో తట్టు 200 మైక్రోసెకన్లు, సెకనుకు 100 తట్లు అనుకుంటే, సెకనులో నూటికి రెండు వంతుల సమయమే కరెంటు పారుతుంది. అందుకే మంచి మిషనుతో కాలడం అరుదు. కానీ కుట్టడం అరుదు కాదు. చిన్న చోట కరెంటు దట్టంగా దిగితే, స్పర్శ పోగులతో పాటు చర్మం పైపైన ఉన్న నొప్పి పోగులు కూడా ఉలిక్కిపడతాయి. మా అమ్మ చెప్పిన ఎర్ర చీమలు అవే. అప్పుడు ఎవరైనా చేసే పని డయలు తగ్గించడం. తగ్గిస్తే కుట్టడం పోతుంది, దానితో పాటు లోపలి నరానికి అందాల్సినదీ పోతుంది. "నాకు పని చేయలేదు" అని మిషనును బీరువాలో పడేసేవాళ్లలో కొందరి కథ ఇదేనని నా అనుమానం.

ఇక మా ఎండ సంగతి. అనంతపురం పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన. వేసవిలో 40 డిగ్రీలు దాటిన పొడి గాలి. ఉతికిన చీర అరగంటలో ఆరిపోయే ఊళ్లో, నీళ్ల మీద బతికే జెల్‌ను టీవీ మీద తెరిచి పెడితే ఏమవుతుంది? ప్యాడుతో వచ్చే పలచటి ప్లాస్టిక్ షీటును చాలామంది మొదటి రోజే చెత్తబుట్టలో వేస్తారు. అది ప్యాకింగ్ కాదు, మూత. వాడగానే ప్యాడును ఆ షీటు మీద అంటించి, జిప్పు కవరులో గాలి తీసి మూసేయాలి. వేసవిలో ఫ్రిజ్‌లో కింది అర మేలు. పైన ఐసు గడ్డకట్టే చోట మాత్రం వద్దు, గడ్డకట్టి కరిగితే జెల్ పాడవుతుంది.

కాస్త ఎండిన ప్యాడుకు మళ్లీ ప్రాణం పోయొచ్చు. వేలి కొనతో ఒకటి రెండు చుక్కల నీళ్లు జెల్ మీద సమంగా పూసి, కొన్ని నిమిషాలు వదిలేస్తే జిగురు తిరిగి వస్తుంది. ఎక్కువ పోస్తే జెల్ ఉబ్బి, చీమిడిలా జారిపోతుంది. మా బోరు నీళ్లు ఆరితే తెల్లటి ఉప్పు పేరుకుంటుంది కాబట్టి నేను తాగే క్యాను నీళ్లే వాడతాను. ఈ వైద్యం రెండు మూడు సార్లకే. జెల్ మీద మడ్డి పేరుకున్నా, చిరిగినా, అంచులు లేస్తున్నా పారేయడమే. బాగా చూసుకుంటే ఒక జత ఇరవై సార్ల దాకా రావచ్చు, మా అమ్మ పాత పద్ధతిలో అయితే ఆరేడు. లేచిన అంచుకు సెల్లోటేపు వేసి నెట్టుకొచ్చేవాళ్లను చూశాను. టేపు ప్యాడును పట్టుకుంటుంది గానీ, ఎండిన జెల్‌ను తడి చేయదు కదా.

ప్యాడు పెట్టే ముందు చర్మాన్ని సబ్బు నీళ్లతో కడిగి, తుడిచి, ఫ్యాను కింద చెమట ఆరనివ్వాలి. వెంట్రుకలు దట్టంగా ఉంటే కత్తెరతో పొట్టిగా కత్తిరించాలి. అప్పటికప్పుడు షేవింగ్ చేస్తే కంటికి కనపడని గాట్లు పడి అక్కడే మంట పుడుతుంది. తీసేటప్పుడు ముందు మిషను ఆపి, ప్యాడు అంచు పట్టుకుని మెల్లగా ఒలవాలి. వైరు పట్టి లాగకూడదు. గుడ్డకూ జెల్‌కూ మధ్య కరెంటును పరిచే కార్బన్ పొర ఒకటి ఉంటుంది. వైరు దానితో కలిసే చోట తెగితే, పైకి ప్యాడు కొత్తదిలా కనిపిస్తూనే ఒక్క మూల నుంచే కరెంటు దింపుతుంది. పొదుపు కోసం ప్యాడును సగానికి కత్తిరించడం కూడా ఇలాంటి తెలివే.

నల్ల రబ్బరు ప్యాడ్ల లెక్క వేరు. వాటికి జిగురుండదు, నీటి జెల్ పూసి పట్టీతో బిగించాలి. నెలల తరబడి వస్తాయి, వాడిన ప్రతిసారీ కడిగితేనే. జెల్ లేదని కొబ్బరినూనె, వాజలీన్ పూసేవాళ్లున్నారు, అది మన తైలం కథే. రెండు ప్యాడ్ల మధ్య జెల్ కారి కలిసిపోతే, కరెంటు లోపలికి దిగకుండా ఆ జెల్ మీదుగానే దాటేస్తుంది. ఏ ప్యాడ్లయినా మధ్య కనీసం అంగుళం ఎడం ఉండాలి. ఎడం పెరిగితే కరెంటు కాస్త లోతుకు దిగుతుంది.

తీశాక చర్మం కొంచెం ఎర్రబడటం మామూలే. మరునాటికీ పోకపోయినా, దురద, పొక్కులు వచ్చినా ఆ జెల్‌లోని రసాయనం పడటం లేదేమో, ప్యాడు మార్చాలి. షుగరుతో పాదాల్లో స్పర్శ మొద్దుబారినవాళ్లకు ఇంకో చిక్కుంది. చీమలు కుడుతున్నా వాళ్లకు తెలియదు. స్పర్శ లేని చోట ప్యాడు పెట్టకూడదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు డాక్టరు చెప్పనిదే దీన్ని ముట్టుకోవద్దు. గొంతు ముందు భాగం, గుండె మీదుగా ఛాతీ, గర్భిణి పొట్ట, పుండు, క్యాన్సరు గడ్డ, రక్తం గడ్డకట్టిన కాలు, ఇవన్నీ నిషేధమే. ప్యాడ్లతో నిద్రపోవడం, బండి నడపడం కూడా.

ఇంత చేసి ఫలితం ఎంత? ఇక్కడ వైద్యలోకం ఒక్క మాట మీద లేదు. 381 ప్రయోగాలను కలిపి చూసి 2022లో వెలువడిన ఒక సమీక్ష, పెట్టుకున్నంతసేపూ, తీసిన వెంటనే నొప్పి తగ్గుతుందని చెప్పింది. అదే ఏడాది, ఏ చికిత్స వాడాలో డాక్టర్లకు సూచించే బ్రిటన్‌లోని నైస్ సంస్థ కీళ్ల అరుగుదలకు దీన్ని ఇవ్వొద్దంది, లాభానికి చాలినన్ని రుజువులు లేవని. 2019లో అమెరికా కీళ్లవైద్యుల సంఘం కూడా మోకాలి అరుగుదలకు వద్దనే చెప్పింది. అరిగిన మృదులాస్థిని ఏ ప్యాడూ మళ్లీ పెంచలేదు, అది నిజం. మా అమ్మకు కావలసింది అది కాదు. సాయంత్రం ఒక గంట నొప్పి మరిచిపోతే, ఫిజియో చెప్పిన వ్యాయామాలు చేయగలుగుతోంది. మాత్ర ఒకటి తగ్గింది. ఆ మేరకు నేను దీని పక్షమే.

కొత్త ప్యాడ్లు తెచ్చాను. కవరు మీద తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టాను. ఇప్పుడు అమ్మ సబ్బుతో మోకాలు కడుక్కుని, ప్యాడ్లు పెట్టుకుని, డయలు మెల్లగా తిప్పుకుంటుంది. తైలం రాత్రి పడుకునే ముందుకు మారింది. మొన్న పక్కింటి అత్త వచ్చి, "వదినా, నా నడుము పట్టేసింది, నీ కరెంటు మిషను ఒక్క రోజు ఈ" అంది.

అమ్మ ఆమెను ఎగాదిగా చూసి, "గుండెకు పేస్‌మేకర్ గట్ల ఏమీ పెట్టిచ్చుకోలేదు గదా?" అని అడిగింది. లేదంటే, "అయితే రేపు నాతో ఫిజియో దగ్గరికి రా, యాడ పెట్టాల్నో ఆయన చెప్తాడు. మిషను తీస్కపోదువులే వదినా, ప్యాడ్లు మాత్రం నీవి నువ్వే కొనుక్కో" అంది.